పంతులమ్మ పొద్దు

మొన్న డాక్టరమ్మ చీటీ మీద మందు పేరు రాయడానికి బదులు గుండ్రంగా గడియారం బొమ్మ గీసింది. ఏడు అంకె దగ్గర ఒక అడ్డగీత పెట్టి, "మేడమ్, ఈ గీత దాటాక మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. మీ బరువుకు ఇంతకన్నా మంచి మందు లేదు" అంది.

నా దగ్గర చదువుకున్న పిల్లే. క్లాసులో మూడుసార్లు అడిగితే గాని నోరు విప్పేది కాదు. ఇప్పుడు నా నోరు మూయించడానికి బొమ్మలు గీస్తోంది. ఊరుకుంటానా? "అన్నానికి గడియారం చూడటం వచ్చా? అదే అన్నం, అదే పప్పు. ఆరింటికి తింటే ఒక బరువు, తొమ్మిదింటికి తింటే ఇంకో బరువు ఎట్లా అవుతుంది?" అని వాదనకు దిగాను. బయట రోగులు దగ్గడం మొదలుపెట్టారు. ఆ పిల్ల అంతా ఓపికగా విని, "మూడు నెలలు చేసి చూసి, అప్పుడు వాదించండి మేడమ్" అంది.

మూడు నెలలు అన్న మాట దగ్గర నా వాదన ఆగిపోయింది. నవ్వు కూడా వచ్చింది. సరిగ్గా ఇదే వైద్యం, సరిగ్గా మూడు నెలలు చేసిన మనిషిని సూర్యాపేటలో నా చిన్నప్పుడు కళ్లారా చూశాను. జరిగి నలభై ఏళ్లు దాటింది. ఆవిడ ఏ వైద్యగ్రంథమూ చదివి చేయలేదు. తెలుగు మరీ ఎక్కువ తెలియడం వల్ల చేసింది.

ఆవిడ మా పంతులమ్మ. పేరు లేక కాదు, ఊళ్లో ఎవరికీ ఆ పేరుతో పని పడలేదు. రజాకార్ల గొడవలు సద్దుమణిగిన మరుసటి ఏడు మా వీధి చివరి పెంకుటింట్లో ఆడపిల్లలకు తెలుగు బడి పెట్టారు. బడి అంటే ఒక గది, ఒక వరండా, పద్దెనిమిది మంది పిల్లలు, ఒక పంతులమ్మ. ఆవిడ మిర్యాలగూడ వైపు మనిషి. చిన్నప్పుడే తల్లీదండ్రీ పోతే మిషను బోర్డింగులో పెరిగి, అక్కడే చదివి, పంతులమ్మ అయి వచ్చింది. కిరస్తానీ. మా ఇంటి గోడకు ఆనుకుని ఉన్న ఒంటిగదిలో కిరాయికి దిగింది.

లావు అంటే అట్లా ఇట్లా లావు కాదు. మా బడి తలుపుకు రెండు రెక్కలు. మేము రావాలంటే ఒకటి తీస్తే చాలు, ఆవిడ రావాలంటే రెండూ తీయాలి. కుర్చీలో కూర్చోబోయే ముందు దాని వీపు మీద ఒకసారి తట్టేది, బండివాడు ఎద్దును తట్టినట్టు. "ఓర్సుకో తల్లీ" అని దానికి చెప్పి మరీ కూర్చునేది. మేము నోటికి పలకలు అడ్డం పెట్టుకుని నవ్వితే, "నవ్వుండ్రి, నవ్వుండ్రి. నవ్వితె మీకు అరుగుతది, నాకు కరుగుతది" అనేది. మాకు అరిగింది గాని ఆవిడకు కరగలేదు.

ఆవిడ పిచ్చంతా మాటల మీద. ఏ మాటనైనా పెసరకాయ ఒలిచినట్టు ఒలిచి లోపలి గింజ చూపించేది. మాట అంటే ఆ గింజే, మిగిలింది పొట్టు అని ఆవిడ సిద్ధాంతం. ఒకసారి నేను "ఇప్పుడే వస్త పంతులమ్మా" అని నీళ్లకు పోయి, దారిలో కోతిని ఆడించేవాడు కనబడితే అక్కడే నిలబడిపోయి చాలాసేపటికి వచ్చాను. ఆవిడ కొట్టలేదు.

"ఇప్పుడు అంటె ఎప్పుడే?" అంది.

"ఇప్పుడే."

"మరి నువ్వు పోయిన ఇప్పుడు ఎటు పోయింది? పొయ్యి దాన్ని దొరకవట్టుకొని రా" అని ఎండలో నిలబెట్టింది.

పెద్దవాళ్లనూ వదిలేది కాదు. మా నాయనమ్మ ఒకనాడు "చచ్చేంత పనుంది" అంటే, "వద్దవ్వా, సగం చెయ్యుండ్రి" అంది. నాయనమ్మకు వారం రోజులు కోపం.

ఇంత కచ్చితమైన మనిషి అన్నం దగ్గర మాత్రం ఏ కట్టడికీ లొంగేది కాదు. ఆవిడ రాత్రి భోజనం ఊరంతా మాగన్నుగా నిద్రపోయాక మొదలయ్యేది. గోడ అవతల కంచం పెట్టిన చప్పుడు, తర్వాత గరిటె చప్పుడు, తర్వాత చాలాసేపు మళ్లీ గరిటె చప్పుడు. అమ్మ అటు ఒత్తిగిలి, "పంతులమ్మకు ఇప్పుడు తెల్లారింది" అనేది. వేడన్నం, నువ్వులపొడి, దాని నిండా నెయ్యి. ఆ పైన గడ్డపెరుగు, బెల్లం ముక్క. తిని, కూర్చున్న మంచంలోనే అటు ఒరిగేది.

"గింత రాత్రి ఎందుకమ్మా, జల్ది తిని పండుకోరాదు?" అని అమ్మ ఒకసారి అడిగింది.

"బోర్డింగుల సాయంత్రం గంట కొడ్తుండిరక్కా" అంది పంతులమ్మ. "ఆకలున్నా లేకున్నా గంట కొట్టంగనే తినాలె. మళ్ల తెల్లారిందాక కుండ మూత ముట్టొద్దు. పదేండ్లు గట్లనే తిన్న. అప్పుడే ఒట్టు పెట్టుకున్న, నాకంటు నౌకరి వచ్చినంక నా ఇంట్ల గంట ఉండొద్దని. నా ఆకలి, నా ఇష్టం."

అందుకే ఆవిడ గదిలో గడియారం కూడా ఉండేది కాదు.

అయితే ఆ నౌకరీ ఇంకా గట్టిపడలేదు. టెంపరరీ. ముస్తకిల్ కావాలంటే, అంటే పక్కా కావాలంటే, సర్కారు డాక్టరు దగ్గర ఒంటి పరీక్ష నెగ్గాలి. దీపావళి వెళ్లగానే మిర్యాలగూడలో ఆ డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చింది. వచ్చి మా అరుగు మీద కూలబడింది.

"మెట్లెక్కుమన్నడక్కా. ఎక్కిన. దిగుమన్నడు. దిగుతుంటె నేను పడ్తనని ఆయన్నే పరేషాన్ అయి వచ్చి నన్ను పట్టుకున్నడు. నా గుండె నాకే ఇనబడ్డది. మూడు నెలలు టైమిచ్చిండు. ఇరవై పౌండ్లు తగ్గి రావాల్నట. తగ్గకుంటె అన్‌ఫిట్ అని రాస్తడట."

"రాస్తె?" అంది అమ్మ.

"రాస్తె ఏముంది, పోవుడే. నాకు పోనీకి ఇంకో ఊరు గూడ లేదు."

ఆవిడ పోతే బడీ పోతుంది. ఇంకో ఆడమనిషి వచ్చి చెప్పే రోజులు కావు అవి. మగపిల్లల బడికి నన్ను పంపే ఉద్దేశం మా నాయినకు లేదు. "పంతులమ్మ ఉంటె సదువు. లేకుంటె అమ్మ ఎంబడి ఉండి ఇంటి పని నేర్సుకో" అని ఆ పూటే తేల్చేశాడు. అంటే నా చదువు, నాతో పాటు ఇంకో పదిహేడు మంది చదువు, పంతులమ్మ ఒంటి మీది ఇరవై పౌండ్ల మీద ఆగి ఉందన్నమాట.

దీన్ని ఆవిడ మా దగ్గర దాచలేదు. మర్నాడు బోర్డు మీద లెక్క వేసింది: "పంతులమ్మ తగ్గవలసినది ఇరవై పౌండ్లు. రెండు పౌండ్లకు ఒక సేరు చొప్పున, పంతులమ్మ ఎన్ని సేర్లు తగ్గవలెను?" మేమంతా పలకలు పైకెత్తి "పది సేర్లు" అని అరిచాం. "శాబాష్. లెక్క సులువుగనే ఉంది. నాకే గడ్డు" అంది.

ఆ ఆదివారం కోదాడ వెళ్లింది. అక్కడ బెజవాడ వైపు నుంచి వచ్చి స్థిరపడిన డాక్టరు ఒకాయన ఉండేవాడు, హస్తవాసి మంచిదని పేరు. ఆయన నాడి చూశాడు, కళ్లు చూశాడు, ఎప్పుడెప్పుడు ఏమేం తింటారని అడిగాడు. ఆపైన, "మీకు జబ్బేం లేదండీ. నెయ్యి తగ్గించండి, పొద్దుపోయాక భోజనం చెయ్యడం మానెయ్యండి. అంతే" అన్నాడట.

చదువుతున్న మీకు ఆ డాక్టరు ఏమన్నాడో అర్థమయ్యే ఉంటుంది. పంతులమ్మకు కూడా అర్థమయ్యేదే, మామూలు మనిషి అయి ఉంటే. ఆవిడ తిరుగు బస్సులో ఆ మాటను ఒలిచింది. పొద్దు అంటే సూర్యుడు. పోవడం అంటే పోవడం. సూర్యుడు పోయాక మెతుకు ముట్టకూడదు. గింజ దొరికింది, ఖతం.

"గట్ల కాదేమో పంతులమ్మా. బాగ రాత్రయినంక తినొద్దని అని ఉంటడు" అని అమ్మ అననే అంది.

"రాత్రి అనాల్నంటె రాత్రి అనకపోవునా అక్కా? సదువుకున్న డాక్టరు. పొద్దు అన్నడు. నా చెవులతోని నేను ఇన్న."

కార్తీకమాసం. పొద్దు కురచ. బడి వదిలేసరికే ఎండ పసుపు రంగుకు తిరిగేది. గదికి వచ్చి కట్టెలు రాజేసి ఎసరు పెట్టేలోగా పడమర ఎర్రబడేది. అన్నం ఉడికేసరికి పొద్దు ఉండేది కాదు. మొదటి రోజు వార్చిన అన్నం మీద మూత పెట్టి అట్లాగే పడుకుంది. రెండో రోజూ అంతే. మూడో రోజు ఎక్కాలు చెప్పిస్తూ చెప్పిస్తూ పదమూడో ఎక్కం మధ్యలో గోడ పట్టుకుని నిలబడిపోయింది. నేను ఇంటికి పరుగెత్తి అమ్మకు చెప్పాను.

అమ్మ నాయనమ్మ వంక చూసింది. మా ఇంట్లో పొయ్యి అమ్మది, పెత్తనం నాయనమ్మది. కిరస్తానీ మనిషికి మా ఇంట్లో అన్నం పెట్టడం అంతవరకు లేదు. నాయనమ్మ వక్క నోట్లో వేసుకుని కాసేపు నమిలి, "పెట్టు. వాకిట్ల పెట్టు. మూడు నెలల ముచ్చటే గద" అంది.

ఆ కబురు చెప్పడానికి అమ్మకు నోరు రాలేదు. పంతులమ్మ వచ్చి గడప ముందు నిలబడ్డాక, "రా" అంది గాని ఎక్కడికి రావాలో చెప్పలేదు. పంతులమ్మ అమ్మ ముఖమూ చూసింది, లోపల మంచం మీద కూర్చున్న నాయనమ్మనూ చూసింది. "ఇక్కడనే బాగుంటదక్కా. నాకు పొద్దు కనబడాలె గద" అంది. అమ్మ ముఖం తేటపడింది. ఆ మూడు నెలల్లో మా ఇంట్లో దిగిన మొదటి బరువు అదే.

ఇక రోజూ అదొక తతంగం. బడి వదలగానే తన సత్తు పళ్లెం తానే తెచ్చుకుని వచ్చేది. మా వాకిలి పడమటి ముఖం, ఎదురుగా జొన్నచేను, దాని మీద పొద్దు. చెయ్యి బారచాపి, నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి, చేనుకూ పొద్దుకూ మధ్య ఎన్ని వేళ్లుందో కొలిచేది. "మూడు వేళ్లుంది. రెండు రొట్టెలు పట్టొచ్చు" అనేది. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు. పళ్లెం ఎడమచేతిలో పట్టుకుని నిలబడే తినేది, కళ్లు పొద్దు మీద. ఒక్కొక్కప్పుడు దాంతో మాట్లాడేది కూడా. "జర ఆగు. ఏమంత తొందర? ఇంటికాడ నీ పెండ్లాం ఎదురుసూస్తున్నదా?" వీధిలో పోయే ఆడవాళ్లు ఆగి చూసేవాళ్లు. "పంతులమ్మా, పొద్దుతోని పందెమా?" అని ఒకావిడ అంటే, "పందెం కాదు వదినా, పొత్తు. అది మునిగేలోపట నేను తేలాలె" అంది.

చేను అంచుకు పొద్దు తగలగానే ముద్ద ఎక్కడ ఉంటే అక్కడ ఆగేది. నోటిదాకా వచ్చిన ముద్దను తిరిగి పళ్లెంలో పెట్టడం నేను చూశాను. తర్వాత పళ్లెం తానే కడుక్కుని, చంకలో పెట్టుకుని వెళ్లిపోయేది.

రెండో నెలలో ముసురు పట్టింది. మూడు రోజులు పొద్దు కంటికి కనబడలేదు. కొలవడానికి ఏమీ లేదు. నాయనమ్మ అప్పటికి ఈ వైద్యంలో కొంత ఆసక్తి పెంచుకుంది, పైకి ఒప్పుకోదు గాని. "కోళ్లను సూడు. కోళ్లు గంపల కూసుంటె పొద్దు పోయినట్టు. వాటికి తెలిసినంత డాక్టరుకు గూడ తెల్వది" అని తీర్పు చెప్పింది. పంతులమ్మ ఒప్పుకుంది. అప్పటి నుంచి కోళ్ల మీద కన్ను వేసి తినడం.

మూడో రోజు పంతులమ్మ ఆలస్యంగా వచ్చింది. మధ్యాహ్నమూ తినలేదట. కోళ్లు అప్పుడే గంప చుట్టూ చేరుతున్నాయి. అమ్మ నూకలు గుప్పిట పట్టుకుని వాకిలి అటు చివరకు పోయి చల్లింది. కోళ్లు వెనక్కి తిరిగాయి. కాసేపటికి మళ్లీ గంప వైపు వస్తే మళ్లీ చల్లింది. పంతులమ్మ వెనక్కి తిరిగి ఉండి చూడలేదు. నాయనమ్మ చూసింది.

"ఏందే అది? కోళ్లను మోసం జేస్తవా? పొద్దును మోసం జేస్తవా? మోసం జేసిన తిండి ఒంటికి వడ్తదానే?" అని లోపల నుంచి కేక వేసింది.

పంతులమ్మ తిరిగి చూసింది. అమ్మ చేతిలో నూకలు. సగం తిన్న రొట్టె పళ్లెంలోనే వదిలేసింది. "నాకు దొంగ పొద్దు వద్దక్కా" అంది. కోపంగా అనలేదు. ఆకలిగా అంది. నాకు నాయనమ్మ మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ రాత్రి ఆవిడ కాళ్లు పిసకను పొమ్మన్నాను. "పిసకకు. నిజం జెప్పిన కాళ్లు నొయ్యవు" అంది నాయనమ్మ. వాదించడం నాకు ఎక్కడి నుంచి వచ్చిందని మా ఆయన అడుగుతుంటాడు. ఇంకెక్కడి నుంచి?

ఇంతకీ తగ్గుతోందా లేదా? మాకు అదొక్కటే దిగులు. బరువు చూసే యంత్రం సూర్యాపేటలో మాకు తెలిసినంతవరకు లేదు. గంజ్‌లో ధాన్యం తూచే పెద్ద కాంటా ఉంది. దాని మీద కూర్చోమని నాయిన సలహా ఇస్తే, "నన్ను బస్తా అంటున్నవా అన్నా?" అని నవ్వి ఊరుకుంది. మేము మా కొలతలు మేము పెట్టుకున్నాం. కుర్చీ కిర్రుమనడం తగ్గింది. జాకెట్టు చేతులకు కుట్లు పడ్డాయి. సంక్రాంతి తర్వాత ఒక ఉదయం ఆవిడ బడిలోకి వచ్చినప్పుడు తలుపు ఒక రెక్కే తెరిచి ఉంది. వచ్చేసింది. వచ్చాక ఆవిడే ఆగి వెనక్కి తిరిగి తలుపు వంక చూసింది. పద్దెనిమిది మందిమీ చప్పట్లు కొట్టాం. "సప్పుడు జెయ్యకుండ్రి. పక్కకు తిరిగి వచ్చిన" అంది. అబద్ధం. నేరుగానే వచ్చింది.

మూడు నెలల గడువు తీరిన రోజు మిర్యాలగూడ పోతూ నన్ను తోడు తీసుకుపోయింది. ముందురోజు పొద్దు ఉండగా తిన్నదే. ఉదయం నుంచి నీళ్లు కూడా తాగలేదు, నీళ్లకు బరువుందని. ఆస్పత్రిలో కాంటా ఎక్కే ముందు చెప్పులు విడిచింది. గొడుగు నాకిచ్చింది. తల్లో సూదులు తీసి నాకిచ్చింది. చేతిలో ఉన్న చిన్న బైబిలు కూడా నా చేతిలో పెట్టి, "దేవుని బరువు నా లెక్కల పడొద్దు" అంది. ఆ మాటకు తానే నవ్వబోయి, నవ్వితే ముల్లు కదులుతుందని బిగబట్టింది.

డాక్టరు పాత కాగితం చూశాడు, ముల్లు చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. "ఇరవై మూడు" అన్నాడు. మెట్లెక్కమన్నాడు. ఎక్కింది. దిగమన్నాడు. దిగింది, ఆయన లేచి రాకముందే.

"ఇంకోసారి ఎక్కుమంటరా?" అని అడిగింది.

"అక్కర్లేదు. ఏం మందు వాడినవమ్మా?"

"పొద్దు పోయినంక తినలేదు సార్."

ఆయన కాగితం మీద ఫిట్ అని రాసి ముద్ర కొట్టాడు. బయటికి వచ్చాక ఆ ఇంగ్లీషు మాటను ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి నాకు చదివించింది. "మూడే మూడక్షరాలు. అక్షరానికి ఏడు పౌండ్ల మీద పడ్డది" అంది.

నేరుగా ఇంటికి రావలసింది. ఆవిడ వినలేదు. కోదాడ డాక్టరుకు కాగితం చూపించి దండం పెట్టి రావాలంది. కోదాడ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దారిలో ఇన్ని అటుకులు తిన్నాం. ఆ డాక్టరు కాగితం చూసి సంతోషపడి, ఎట్లా చేశారో చెప్పమన్నాడు. పంతులమ్మ చెప్పింది. పొద్దు, వేళ్లు, కోళ్లు, అంతా. వింటూ వింటూ ఆయన కళ్లజోడు తీసేశాడు.

"అయ్యో, అయ్యో! పొద్దుపోయాక అంటే రాత్రి బాగా ఆలస్యంగా అనండీ. తొమ్మిదీ పదీ దాటాక తినొద్దన్నాను. దీపాలు పెట్టకముందే తినెయ్యమని ఎవరు చెప్పారు మీకు?"

"మీరే చెప్పిండ్రు."

"నేనా?"

"పొద్దు అంటె ఏంది సార్?"

ఆయన తడబడి, బడిపిల్లాడిలా "సూర్యుడు" అన్నాడు.

"పోవుడు అంటె?"

"వెళ్లిపోవడం."

"రెండు కలిపి చెప్పుండ్రి."

డాక్టరు బల్ల మీద చెయ్యి వేసి కొట్టుకుంటూ నవ్వాడు. "ఓడిపోయానమ్మా. ఇక మీ ఇష్టం. హాయిగా ఎనిమిదింటికి తినండి, తొమ్మిదింటికి తినండి. మీ ఒంటికి ఏమీ కాదు" అన్నాడు.

బస్సులో పంతులమ్మ కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుంది. పొద్దు కిటికీ పక్కనే మాతో పాటు వస్తూ వస్తూ ఎక్కడో దిగిపోయింది. అప్పుడు అంది. "ఆయన మాట నాకు సక్కగ సమజై ఉంటె తొమ్మిదికి తినుకుంట కూసుందును. రెండు పౌండ్లు గూడ తగ్గకపోదును. బడి పోతుండె." తర్వాత నా వైపు తిరిగి, "పంతులమ్మ మాట తప్పు తీసుకున్నదని బడిల ఎవ్వరికి జెప్పకు బిడ్డా. మీ నోళ్లు పడలేను" అంది. నలభై ఏళ్లు చెప్పలేదు. ఇంతకన్నా ఎవరు ఆగుతారు?

సూర్యాపేటలో దిగేసరికి చీకటి పడింది. అమ్మ గడపలో దీపం పట్టుకుని నిలబడి ఉంది.

"ముస్తకిల్!" అని నేను వీధి మొదటి నుంచే అరిచాను. కోదాడ డాక్టరు నవ్విన సంగతి తప్ప మిగతాదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. రాత్రి తిన్నా ఏమీ కాదన్నాడని కూడా.

మంచం మీది నుంచి నాయనమ్మ, "అంటె ఇగ ఈడనే ఉంటదా?" అంది.

"ఈడనే ఉంట అవ్వా. రిటైరు అయిందాక" అంది పంతులమ్మ.

మూడు నెలల ముచ్చట కాకుండా పోయిందని నాయనమ్మకు అర్థమైంది. అమ్మకూ అర్థమైంది. అమ్మ నాయనమ్మ వంక చూడలేదు. నేను చూస్తుండగా చూడకపోవడం అదే మొదటిసారి.

"రాత్రి తినొచ్చని చెప్పిండట గద. లోపటికి రా పంతులమ్మా. పీట ఏసిన" అంది.

పంతులమ్మ గడప దాకా వచ్చింది. అక్కడ ఆగి వీధి వంక చూసింది. అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. ఒక్క ప్రాణి లేదు. ఆకలి ఆవిడ ముఖం మీద దీపం వెలుగులో స్పష్టంగా కనబడుతోంది.

"ఇయ్యాల పొద్దు పోయిందక్కా" అంది. "రేపు పొద్దుండంగ వస్త. లోపటికే వస్త."

ఆవిడ తన గదికి పోయింది. అమ్మ దీపం పట్టుకుని చాలాసేపు అక్కడే ఉంది. డాక్టరు తినమన్నా తినదేం, ఇదేం మొండితనం అని ఆ రాత్రి నేను విసుక్కున్నాను. పదేళ్ల దాన్ని. చీకట్లో వేసిన పీటకూ వెలుతురులో వేసిన పీటకూ తేడా నాకేం తెలుసు?

మర్నాడు బడి వదిలాక వచ్చింది. సత్తు పళ్లెం తేలేదు. వీధిలో ఆడవాళ్లు నీళ్లబిందెలతో వస్తున్నారు. రోజూ పొద్దుతో పందెం చూసే వాళ్లే. వాళ్లు చూస్తుండగా వాకిలి దాటి, అరుగు దాటి, గడప దాటి లోపలికి వచ్చింది. పీట మీద కూర్చునే ముందు దాన్ని ఒకసారి తట్టింది. అమ్మ మా కంచం పెట్టింది.

నాయనమ్మ లేచింది. తన కంచం తాను తీసుకుంది. వాకిట్లోకి పోయి, చేను వైపు తిరిగి కూర్చుని తినడం మొదలుపెట్టింది. నేను గడప మీద నిలబడ్డాను. అటు చూస్తే నాయనమ్మ వీపు, ఇటు చూస్తే తలవంచుకుని వడ్డిస్తున్న అమ్మ. గరిటె చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

పంతులమ్మ సగం తిన్నది. లోపలి నుంచి ఆవిడకు ఆకాశం కనబడదు. చెయ్యి కంచంలోనే ఆపింది.

"అవ్వా," అని పిలిచింది. "పొద్దుందా?"

నాయనమ్మ తల ఎత్తి చేను మీదికి చూసింది. నేనూ చూశాను. పొద్దు అప్పటికే పోయింది. ఎరుపు కూడా తగ్గుతోంది.

నాయనమ్మ వెనక్కి తిరగలేదు.

"ఉంది," అంది. "నిమ్మలంగ తిను."